సుబ్బారావు గారికి 27 మార్కులు

పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, జీఆర్ఈ స్కోరు, టోఫెల్ స్కోరు. అమెరికాలో ఉన్న మా తరం ఇంజనీర్లలో ఎవరిని కదిపినా ఈ అయిదు అంకెలూ ఇప్పటికీ గడగడా అప్పచెబుతారు. అందుకే కెనడాలోలాగా, ఆస్ట్రేలియాలోలాగా అమెరికా కూడా మార్కులు వేసి వీసాలివ్వాలి అని ఎవరైనా అన్నప్పుడల్లా మనవాళ్ళలో చాలామంది వెంటనే తల ఊపుతారు. లాటరీ కన్నా మార్కులు నయం కదా, కష్టపడితే తెచ్చుకోవచ్చు కదా అని. ర్యాంకులతో పెరిగినవాళ్ళం, అలా అనిపించడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు ఆ మార్కులు రానే వచ్చాయి. కాకపోతే మార్కులు అనే పేరుతో రాలేదు. గత డిసెంబరులో అమెరికా ప్రభుత్వం హెచ్1బి లాటరీ పద్ధతిని మార్చింది. ఈ ఫిబ్రవరి 27 నుంచి కొత్త పద్ధతి అమలవుతుంది, అంటే ఈ మార్చిలో జరగబోయే రిజిస్ట్రేషన్లకే వర్తిస్తుంది. ఇదివరకు జీతం ఎంతైనా మనిషికొక చీటీ. ఇకమీదట మీకు ఇస్తామన్న జీతం ఏ మెట్టు మీద ఉందో దాన్నిబట్టి చీటీలు. కార్మిక శాఖ ప్రతి ఉద్యోగానికీ, ప్రతి ఊరికీ విడివిడిగా నాలుగు జీతం మెట్లు కట్టి పెట్టింది. మొదటి మెట్టు వాళ్ళకి డబ్బాలో ఒక చీటీ, రెండో మెట్టుకి రెండు, మూడో మెట్టుకి మూడు, నాలుగో మెట్టుకి నాలుగు. వీసాల సంఖ్య మాత్రం మారలేదు. మామూలు కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000. మొదటి మెట్టు వాళ్ళ అవకాశం దాదాపు సగానికి పడిపోతుందనీ, నాలుగో మెట్టు వాళ్ళది రెట్టింపు దాటుతుందనీ ప్రభుత్వం వేసుకున్న లెక్కే చెబుతోంది.

దీనికి ముందు సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు దెబ్బ ఒకటి తగిలింది. అయితే అది దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త దరఖాస్తులకే తప్ప ఇక్కడే చదువుకుని ఇక్కడినుంచే హెచ్1బికి మారేవాళ్ళకి కాదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. అప్పుడు ఊపిరి పీల్చుకున్న పిల్లలందరికీ డిసెంబరులో మళ్ళీ గొంతులో వెలక్కాయ పడింది.

మా పిన్ని కొడుకు ఆ పిల్లల్లో ఒకడు. డాలస్ దగ్గర ఉద్యోగం. 2023 మేలో మాస్టర్స్ అయింది. ఓపీటీ ఒక ఏడాది, దాని మీద స్టెమ్ పొడిగింపు రెండేళ్ళు, మొత్తం మూడేళ్ళు ఈ జూన్‌తో అయిపోతాయి. లాటరీలో ఇప్పటికి రెండుసార్లు పేరు రాలేదు. ఈ మార్చిదే ఆఖరిది. వాడి జీతం మొదటి మెట్టు దాటింది గానీ రెండో మెట్టుకి ఏడాదికి 6,000 డాలర్లు తక్కువ. అంటే ఆ 6,000 పెరిగితే రెండు చీటీలు, పెరగకపోతే ఒకటి. మేనేజర్ని అడిగితే ఈ ఏడాది బడ్జెట్ లేదన్నాడట. "అన్నయ్యా, పోనీ ఆ 6,000 నేనే వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తానంటే ఒప్పుకుంటారా?" అని అడిగాడు. అలాంటి మాట ఎవరి దగ్గరా అనకురా, అది నేరం అని చెప్పాను. కానీ వాడి వైపునుంచి చూడండి. బాబాయి వాడి చదువు కోసం భీమవరం అవతల ఉన్న అరెకరం చెరువు తాకట్టు పెట్టాడు. ఆ అప్పు ముందు 6,000 డాలర్లు పెద్ద లెక్కా?

ప్రభుత్వం చెప్పే కారణంలో పస లేదని నేననను. 2023 మార్చిలో లాటరీకి 7 లక్షల 80 వేలకు పైగా రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కంపెనీలు చీటీలు వేస్తే ఆ సంఖ్య రాక ఏమవుతుంది? ఆ పని చేసిన కన్సల్టెన్సీలలో మనవాళ్ళవీ ఉన్నాయని మనలో మనకి తెలుసు. మరుసటి ఏడాది మనిషికి ఒకే చీటీ అని నియమం మార్చాక సంఖ్య బాగా తగ్గి, 2025 మార్చి నాటికి 3 లక్షల 60 వేల లోపుకి దిగింది. అంటే దొంగ చీటీల జబ్బుకి మందు అప్పుడే పడింది. ఇప్పుడు వేస్తున్న మందు వేరే దానికి. తక్కువ జీతానికి మనుషుల్ని తెచ్చుకోవడం ఆపాలనేది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ చదువు అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరినవాడి జీతం మొదటి మెట్టు మీద కాక ఇంకెక్కడుంటుంది? పైగా మెట్లు ఊరినిబట్టి మారతాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి మెట్టు మీదున్న జీతం చిన్న ఊళ్ళో మూడో మెట్టు కావచ్చు. ఎక్కువ డాలర్లు తీసుకునేవాడికి ఒక చీటీ, తక్కువ డాలర్లు తీసుకునేవాడికి మూడు చీటీలు పడే సందర్భాలు కూడా ఉంటాయన్నమాట.

అమెరికాకి ఈ మార్కుల ఆలోచన కొత్తది కాదు. మార్కుల పద్ధతి మొదట పెట్టింది కెనడా, 1967లో. అంతకుముందు దాకా ఏ దేశం వాడివి, ఏ రంగు వాడివి అని చూసిన దేశం, చదువెంత, భాష వచ్చా, వయసెంత అని అడగడం మొదలుపెట్టింది. అప్పటికి అది చాలా పెద్ద మార్పు. ఆ తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ అదే దారిలో నడిచాయి. అమెరికాలో 2007లో సెనేట్ ముందుకొచ్చిన పెద్ద బిల్లులో 100 మార్కుల పట్టిక ఉంది. ఉద్యోగానికి 47, చదువుకి 28, ఇంగ్లీషుకీ పౌరశాస్త్రానికీ కలిపి 15, బంధువులుంటే 10. ఆ బిల్లు ఆ జూన్‌లోనే సెనేట్‌లో ఆగిపోయింది. 2013లో ఇంకో బిల్లు, అందులోనూ మార్కులున్నాయి. అది సెనేట్‌లో 68-32తో నెగ్గింది గానీ ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. మూడోది 2017 ఆగస్టులో టామ్ కాటన్, డేవిడ్ పెర్డ్యూ అనే ఇద్దరు సెనేటర్లు వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి పక్కన నిలబడి ప్రకటించిన రెయిజ్ బిల్లు. అదీ చట్టం కాలేదు. కానీ దాని పట్టిక మాత్రం చాలా వివరంగా ఉంటుంది. ఓ ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

రెయిజ్ లెక్కలో గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టాలంటే కనీసం 30 మార్కులు రావాలి. వయసు 26 నుంచి 30 లోపయితే 10 మార్కులు, 31-35 అయితే 8, 36-40 అయితే 6, 41-45 అయితే 4. అమెరికాలో స్టెమ్ మాస్టర్స్‌కి 8, బయట దేశంలో చేసిన డిగ్రీకి 5. ఇంగ్లీషు పరీక్షలో పైస్థాయి వస్తే 12 దాకా. జీతం ఆ రాష్ట్రంలో కుటుంబాల మధ్యస్థ ఆదాయానికి ఒకటిన్నర రెట్లుంటే 5, రెండు రెట్లుంటే 8, మూడు రెట్లుంటే 13. నోబెల్ వస్తే 25, ఒలింపిక్ పతకానికి 15. అనుభవానికి? సున్నా. ఆ పట్టికలో పని అనుభవం అనే వరసే లేదు.

ఆ బిల్లు వచ్చిన రోజుకి నా వయసు 29. వయసుకి 10, టెక్సాస్‌లో చేసిన మాస్టర్స్‌కి 8, ఇంగ్లీషుకి 11, జీతానికి 5. మొత్తం 34. హాయిగా పాసు. ఇప్పుడు నాకు 38. వయసుకి 6, మిగతావన్నీ అవే. మొత్తం 30, గీత మీద నిలబడ్డాను. మధ్యలో ఎనిమిదేళ్ళ అనుభవం సంపాదించాను, కట్టిన పన్నులు సంగతి సరేసరి. పట్టిక ప్రకారం నేను ఆ ఎనిమిదేళ్ళలో నాలుగు మార్కుల మేర పనికిరాకుండా పోయాను.

అక్కడితో అయిపోలేదు. భార్యాభర్తలు కలిసి వస్తుంటే, జంటలో తక్కువ వచ్చినవాళ్ళ మార్కులకి 30 శాతం, రెండోవాళ్ళవాటికి 70 శాతం విలువ కట్టి కలపాలి. మా ఆవిడ బీటెక్ మన దగ్గరే చేసింది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక హెచ్4 మీద పని చేయడానికి అనుమతి లేక కొన్నాళ్ళు, అనుమతి వచ్చాక పిల్లతో కొన్నాళ్ళు, ఉద్యోగంలో పెద్ద ఖాళీ పడింది. ఆమెకి వయసుకి 8, డిగ్రీకి 5, ఇంగ్లీషుకి 10, జీతానికి సున్నా. 23. నా 30లో 70 శాతం 21, ఆమె 23లో 30 శాతం 6.9. కలిపితే 27.9. ఫెయిల్. కాగితం తనకి చూపిస్తే ఒక్క నిమిషం చూసి, "నన్ను పని చెయ్యొద్దన్నదీ వీళ్ళే, పని చెయ్యలేదని మార్కులు కోసేదీ వీళ్ళేనా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు సరదాకి ఇంకొకాయనకి మార్కులు వేశాను. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరేనాటికి వయసు 30 లోపే. 10 మార్కులు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు గానీ ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. పోనీ దాన్ని డిగ్రీ కిందే లెక్కేసి 5 ఇద్దాం. ఇంగ్లీషుకి పూర్తి 12 ఇద్దాం. జీతం? వచ్చిన కొత్తలో పొట్ట గడవడానికి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. సున్నా. నోబెల్ రాలేదు. ఒలింపిక్స్ సంగతి ఎత్తక్కర్లేదు. మొత్తం 27 మార్కులు.

మా దంపతులకి సుబ్బారావు గారికంటే 0.9 మార్కులు ఎక్కువొచ్చాయండీ. ఫోన్‌లో చెబితే మా నాన్న చాలాసేపు నవ్వారు.

నవ్వు పక్కన పెడితే, ఈ 27 మార్కుల మనిషి చేసిన పనులు మీకు తెలిసినవే. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, దానికి ఇప్పటికీ వాళ్ళిద్దరి పేరే. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ మీద పని. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందాలనుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ వచ్చాయి. మా గోదావరి జిల్లాల్లో బోదకాలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మా తాతయ్య కుడికాలు నాకింకా గుర్తే. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన మనిషి. 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా అమెరికా పౌరుడు కాలేదు.

అప్పటి చట్టాలు మంచివని కాదు నేననేది. ఆయన వచ్చిన కాలంలో మనవాళ్ళకి పౌరసత్వమే ఇవ్వకూడదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో ఆ తలుపు తెరిచినప్పుడు భారతదేశం మొత్తానికీ ఇచ్చిన వాటా ఏడాదికి 100 మంది. జాతిని చూసి గెంటేయడం కన్నా చదువు చూసి మార్కులేయడం వెయ్యి రెట్లు మేలు. నేను చెప్పదలచుకున్నది, పట్టిక మనిషి వచ్చిన రోజున ఎలా ఉన్నాడో కొలుస్తుందే గానీ వచ్చాక ఏమవుతాడో దానికి తెలియదు. మొదటి మెట్టు మీద నిలబడి ఒక్క చీటీతో లాటరీకి వెళ్ళే పిల్లలందరూ సుబ్బారావులవుతారని కాదు. ఎవరవుతారో జీతం చూసి చెప్పలేం, అంతే.

మార్కుల పద్ధతికి ఇంకో గుణం ఉంది. పట్టిక రాసినవాళ్ళు దాన్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ 2015 జనవరిలో మొదలైనప్పుడు ఉద్యోగం ఆఫర్‌కి 600 పాయింట్లు. 2016 నవంబరులో దాన్ని 50కీ, పెద్ద పదవులకి 200కీ దించారు. 2025 మార్చిలో పూర్తిగా తీసేశారు. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా పిలుపులు మొదలయ్యాయి, వాళ్ళలో కొందరు 400 లోపు పాయింట్లతోనూ వెళ్ళారు. వయసు కోత అక్కడా ఉంది. పెళ్ళికానివాళ్ళకి 29 దాకా 110 పాయింట్లు, 35కి 77, 40కి 50, 45కి సున్నా. ముప్పై నుంచి 40 దాకా ప్రతి పుట్టినరోజుకీ అయిదో ఆరో పాయింట్లు కేకుతో పాటే కోస్తారు.

బ్రిటన్‌లో జరిగింది ఇంకా ఘోరం. 2002లో నిపుణుల కోసం హెచ్ఎస్ఎంపీ అని ఒక పథకం పెట్టారు. మన హైదరాబాదునుంచీ చాలామంది ఉద్యోగాలు వదులుకుని, పిల్లల్ని తీసుకుని వెళ్ళారు. మీరు బ్రిటన్‌నే మీ సొంతిల్లుగా చేసుకోవాలి అన్నది ఆ పథకం షరతు. 2006 నవంబరులో పట్టిక మార్చేశారు. అనుభవానికిచ్చిన మార్కులు పోయాయి. కొత్తగా వచ్చేవాళ్ళకైతే సరే. ఇప్పటికే వచ్చి స్థిరపడినవాళ్ళు కూడా పొడిగింపు కావాలంటే కొత్త పట్టికలో పాసవ్వాలన్నారు. వాళ్ళు ఊరుకోలేదు. సంఘంగా ఏర్పడి కోర్టుకెళ్ళారు. 2008 ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. పాత షరతుల మీద పిలిచి రప్పించుకున్నవాళ్ళకి ఆ షరతులే వర్తించాలని దాని సారాంశం.

నాకు మార్కుల చర్చ అంతటిలోనూ అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ తీర్పే. నాలాంటివాళ్ళకి అది నేరుగా తగులుతుంది. అమెరికాలో ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా 40 వేలు. 1990 నాటి చట్టం అది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదని ఇంకో నియమం. నా తేదీ 2015ది. ఈ జనవరి వీసా బులెటిన్‌లో ఈబీ-2 ఇండియా ఇంకా 2013లోనే ఉంది. వరసలో నిలబడి పదకొండో ఏడు. రేపు ఎవరో ఒకరు లేచి, ఈ వరసలన్నీ రద్దు, ఇకమీదట మార్కులు అంటే, వరసలో ఎక్కువ కాలం నిలబడినవాడే ఎక్కువ నష్టపోతాడు. ఎందుకంటే నిలబడినందుకే కదా వయసు పెరిగింది! ఇది ఊహ కూడా కాదు. కెనడా 2012లో అచ్చంగా ఆ పనే చేసింది. 2008 ఫిబ్రవరికి ముందు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్న నిపుణుల ఫైళ్ళని చట్టం చేసి మూసేసి, ఫీజు వెనక్కిచ్చి పంపింది. అందులో కుటుంబాలతో కలిపి రెండున్నర లక్షలమందికి పైగా ఉన్నారు.

కాబట్టి నా వరకు నేను తేల్చుకున్నదిది. మార్కులు పెట్టదలుచుకుంటే పెట్టండి, లాటరీ కన్నా అడిగి చెప్పించుకోవడానికి ఒక కారణమైనా ఉంటుంది. కానీ ఇవాళ్టి పట్టిక ఇవాళ తలుపు తట్టినవాళ్ళకే. వరసలో ఉన్నవాళ్ళని వాళ్ళు వచ్చి నిలబడిన రోజు నియమాలతోనే పంపాలి. ఎంసెట్ రాసి, ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్‌కి వెళ్ళి కూర్చున్నాక సిలబస్ మారింది, మళ్ళీ పరీక్ష రాయమంటే మనం ఊరుకుంటామా?

మార్చిలో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి రెండు మాటలు. మీ ఉద్యోగం కోడ్, మీరు పనిచేసే కౌంటీ పెట్టి వెతికితే నాలుగు మెట్ల జీతాలూ కార్మిక శాఖ సైటులో ఉచితంగా దొరుకుతాయి, ముందు అవి చూసుకోండి. పై మెట్టుకి కొద్దిలో తప్పిపోతుంటే మొహమాటపడకుండా జీతం పెంచమని ఇప్పుడే అడగండి, ఫిబ్రవరి దాటితే లాభం లేదు. నాలుగో మెట్టు చూపిస్తాం, తేడా మాకు నగదుగా ఇచ్చెయ్యి అనే కన్సల్టెన్సీల దగ్గరికి వెళ్ళకండి. రిజిస్ట్రేషన్‌లో చూపిన మెట్టుకీ తర్వాత పిటిషన్‌లో పెట్టే జీతానికీ పొంతన ఉండాలి. లేకపోతే ఎంపికైన వీసా పోవడమే కాదు, మోసం అని ఫైలు మీద పడితే మళ్ళీ ఈ దేశం మొహం చూడలేరు.

మావాడు ఈసారి మేనేజర్ని కాకుండా ఆయన పైవాణ్ణి కలిశాడు. 6,000లో 4,000 దాకా చూస్తామన్నారట. నాలుగు వేలకి రెండో చీటీ రాదు. మిగిలిన రెండు వేల కోసం వచ్చే వారం మళ్ళీ మాట్లాడతాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. బాబాయి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా లాటరీ ఎప్పుడురా అని ఒక్కటే అడుగుతున్నాడు. మార్చిలో నాన్నా అని వీడు చెబుతున్నాడు.